పల్లె మీద కెమెరా డ్రోన్: గాలి, దూరం, బ్యాటరీ

నేల మీద నిలబడి రిమోట్‌తో నడిపే, కెమెరాను మోసుకుపోయే చిన్న విమానాన్ని కెమెరా డ్రోన్ అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం నాలుగు మోటార్లు, నాలుగు ప్రొపెల్లర్లు ఉన్నవే. పెళ్లి షూటింగులకు, సినిమాలకు, భూముల సర్వేకు, పైరు ఎక్కడ ఎర్రబడిందో చూసుకోవడానికి, కేవలం చెరువునూ కొండనూ పైనుంచి చూసే సంబరానికి కూడా వీటిని ఎగరేస్తున్నారు. పట్నంలో మేడలు, సెల్ టవర్లు, జనం అడుగడుగునా అడ్డం వస్తాయి కాబట్టి డ్రోన్ కళ్లెదుటే ఉంటుంది. పల్లెలో చోటుకు కొదవ లేదు. కాలువ గట్టు వెంట పోనిచ్చిన డ్రోన్ చూస్తూండగానే కిలోమీటరు దాటుతుంది. అంత దూరం పోయినది తిరిగి రావడానికి బ్యాటరీలో శక్తి ఉందా లేదా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం బ్యాటరీ నడత గురించే ఉండటానికి కారణం అది.

గాల్లోంచి నేలను ఫొటో తీయాలన్న కోరిక పాతదే. 1858లో ఫ్రాన్సులో నాదార్ అనే ఫొటోగ్రాఫర్ బెలూన్ ఎక్కి పారిస్ దగ్గరి పల్లెను తీశాడు. ఆ ఫొటోలు ఇప్పుడు లేవు. 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బెలూన్ మీంచి తీసిన బోస్టన్ నగరం ఫొటో, నేటికి మిగిలినవాటిలో అతి పాతది. మనిషి పైకి వెళ్లకుండా కెమెరాను మాత్రమే పంపిన వాళ్లలో ఆర్థర్ బత్యూ ముఖ్యుడు. దక్షిణ ఫ్రాన్సులో లాబ్రుగియేర్ అనే తన ఊరి మీద 1888లో గాలిపటానికి కెమెరా కట్టి ఎగరేశాడు. 1907–08 ప్రాంతంలో జర్మనీకి చెందిన యూలియస్ నోయ్‌బ్రోనర్ పావురాల రొమ్ముకు చిన్న కెమెరాలు కట్టాడు. బెలూన్‌కు వేడిగాలో గ్యాసో, గాలిపటానికి గాలి, పావురానికి దాని ఒంట్లో సత్తువ ఉన్నాయి. నాలుగు మోటార్ల యంత్రానికి అలాంటి ఆధారం ఏదీ దొరకలేదు. తేలికగా ఉండి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగల బ్యాటరీ వచ్చేదాకా అది ఆగాల్సి వచ్చింది.

ఆ బ్యాటరీ లిథియం అయాన్ జాతిది. 1991లో సోనీ సంస్థ దాన్ని అంగడికి తెచ్చింది. దాని వెనకున్న పరిశోధనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. 2010లో వచ్చిన పారట్ సంస్థ ఏఆర్ డ్రోన్ సుమారు 12 నిమిషాలు ఎగిరేది. 2013 జనవరిలో చైనాలోని షెన్‌జెన్‌కు చెందిన డీజేఐ తెచ్చిన ఫాంటమ్ 10 నుంచి 15 నిమిషాలు గాల్లో ఉండేది. అదే సంస్థ డ్రోన్లలో 2016 నాటి మావిక్ ప్రో 27 నిమిషాలు, 2020 నాటి ‘మినీ 2’ 31 నిమిషాలు, 2021 నాటి ‘మావిక్ 3’ 46 నిమిషాలు ఎగురుతాయని తయారీదారు లెక్క. ఈ పదేళ్లలో బ్యాటరీ రసాయనం కొంత మెరుగుపడిన మాట నిజమే. కాలం ఇంతలా పెరగడానికి మాత్రం తేలికైన ఒళ్లు, నెమ్మదిగా తిరిగే మంచి ప్రొపెల్లర్లు, తక్కువ కరెంటు తాగే చిప్పులు కూడా అంతే కారణం.

గాల్లో నిలబడటానికి అయ్యే ఖర్చు

సైకిలు ఆగితే కాలు నేల మీద పెట్టవచ్చు, కారు ఆగితే ఇంజను ఆపవచ్చు. డ్రోన్‌కు ఆ వీలు లేదు. కదలకుండా ఒకేచోట ఉన్నా తన బరువును తానే క్షణక్షణం మోసుకోవాలి. మినీ 2 బరువు 249 గ్రాములు. అందులో బ్యాటరీ ఒక్కటే 86 గ్రాములు, అంటే మూడో వంతుకు పైనే. ఆ బ్యాటరీ వోల్టేజి 7.7, సామర్థ్యం 2250 మిల్లీ ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే సుమారు 17.3 వాట్ అవర్లు వస్తాయి. 31 నిమిషాల్లో అది ఖాళీ అవుతుందంటే సగటున 33 వాట్లు లాగుతున్నట్టు. మావిక్ 3 బ్యాటరీ 77 వాట్ అవర్లు, ఎగిరేది 46 నిమిషాలు, అంటే సుమారు 100 వాట్లు. ఒక పాతకాలపు బల్బు వెలిగేంత కరెంటుతో దాదాపు కిలో బరువు యంత్రం గాల్లో నిలబడుతోందన్నమాట. ఇంజనీర్ల పనితనం ఈ అంకెలో కనిపిస్తుంది.

గాల్లో నిలబడటానికి కావలసిన శక్తి బరువుతో సమానంగా పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. బరువు 10 శాతం పెరిగితే శక్తి సుమారు 15 శాతం ఎక్కువ కావాలి. ప్రొపెల్లర్ల చుట్టూ రక్షణ చట్రం తగిలించినా, లెన్సుకు ఫిల్టరు, పైన లైటు పెట్టినా నిమిషాలు తగ్గేది అందుకే. పెద్ద బ్యాటరీ పెడితే సరిపోతుందిగా అనిపిస్తుంది. డీజేఐ మినీ 3 ప్రోకు 2453 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ వేస్తే 34 నిమిషాలు, 3850ది వేస్తే 47 నిమిషాలు ఎగురుతుందని లెక్క. సామర్థ్యం 57 శాతం పెరిగితే కాలం 38 శాతమే పెరిగింది. మిగిలినది ఆ పెరిగిన బరువును మోయడానికే సరిపోయింది.

చాలామంది పైకి ఎక్కించడమే బ్యాటరీని తినేస్తుందనుకుంటారు. లెక్క వేస్తే వేరేగా తేలుతుంది. 249 గ్రాముల బరువును 100 మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి సుమారు 244 జౌళ్లు. అది గాల్లో ఏడెనిమిది సెకన్లు ఊరికే నిలబడితే అయ్యే ఖర్చు. మోటార్లలో వృథా అయ్యేది కలుపుకున్నా పదిహేను, ఇరవై సెకన్లకు మించదు. బ్యాటరీని తినేది ఎత్తుకంటే కాలమూ గాలీ. ఇంకొక విశేషం, ఓ మాదిరి వేగంతో ముందుకు పోతున్నప్పుడు ప్రొపెల్లర్లకు ఎప్పటికప్పుడు కదలని కొత్త గాలి అందుతుంది కాబట్టి, ఒకచోట నిలబడినప్పటికంటే ఖర్చు కొంచెం తగ్గుతుంది. వేగం మరీ పెంచితే గాలి ఒరిపిడి పెరిగి ఖర్చు మళ్లీ ఎక్కుతుంది.

శాతం అంకె వెనక

డ్రోన్ బ్యాటరీలో రెండు, మూడు లేదా నాలుగు సెల్లులు వరసగా కలిపి ఉంటాయి. మామూలు లిథియం పాలిమర్ సెల్లు నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు, కొత్తరకం ఎక్కువ వోల్టేజి సెల్లు అయితే 4.35 లేదా 4.4 వోల్టులు చూపిస్తుంది. వాడుతుంటే మొదట కాస్త వేగంగా దిగి, 3.9 నుంచి 3.6 మధ్య చాలాసేపు నిలకడగా సాగి, 3.5 దాటాక గబగబా పడిపోతుంది. 3 వోల్టులకన్నా కిందికి పోతే సెల్లు లోపల దెబ్బతింటుంది. తెరమీద కనిపించే శాతం అంకె ఈ వోల్టేజి నుంచి నేరుగా వచ్చినది కాదు. బ్యాటరీలోని చిప్పు ఎంత కరెంటు బయటికి పోయిందో లెక్కపెడుతూ, వోల్టేజితో సరిచూసుకుంటూ వేసే అంచనా అది. కుండలో నీళ్లు తొంగిచూసి చెప్పడం లాంటిది కాదు, ఎన్ని చెంబులు తోడామో గుర్తుపెట్టుకుని చెప్పడం లాంటిది. కుండ పాతబడి పగులు వస్తే ఆ లెక్క తప్పుతుంది.

సెల్లుకు లోపల కొంత నిరోధం ఉంటుంది. కరెంటు లాగిన కొద్దీ ఆ నిరోధం దగ్గర కొంత వోల్టేజి పోతుంది. ఎదురుగాలిలో రిమోట్ స్టిక్కు ముందుకు పూర్తిగా నొక్కితే వోల్టేజి ఒక్కసారి కుంగి, స్టిక్కు వదలగానే మళ్లీ లేచేది అందుకే. కొత్త బ్యాటరీలో ఈ కుంగుబాటు పెద్దగా తెలియదు. వంద, రెండు వందల సార్లు ఛార్జి చేసిన దాంట్లో, చలిలో ఉన్న దాంట్లో, నెలల తరబడి నిండా ఛార్జి చేసి పడేసిన దాంట్లో నిరోధం పెరిగి కుంగుబాటు ఎక్కువవుతుంది. 30 శాతం చూపిస్తున్న బ్యాటరీ ఉన్నట్టుండి 12 అని చూపించడం, దిగిపొమ్మని హెచ్చరించడం అప్పుడే జరుగుతుంది. వరసలో ఉన్న సెల్లుల్లో ఒకటి బలహీనమైతే మిగిలినవి బాగున్నా లాభం లేదు. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి కూలబడితే బండి అక్కడే ఆగినట్టు, బలహీనమైన సెల్లు అడుగంటగానే ఎగరడం ముగుస్తుంది. అందుకే శాతం ఒక్కటే చూడకుండా డ్రోన్ యాప్‌లో ఒక్కో సెల్లు వోల్టేజి విడివిడిగా చూసుకునే అలవాటు మేలైనది. విశ్రాంతిగా ఉన్నప్పుడు సెల్లుల మధ్య తేడా ఎప్పుడూ ఒకేవైపు పెరుగుతూ పోతుంటే ఆ బ్యాటరీని దూరం పంపకూడదు.

ఫోను బ్యాటరీ అయిపోతే తెర నల్లబడుతుంది. డ్రోన్‌కు అలా జరిగితే రాయిలా పడిపోతుంది. కాబట్టి తయారీదారులు రెండు అంచెలు పెట్టారు. మొదటి అంచెలో, ‘ఇంటికి’, అంటే బయల్దేరిన చోటికి, చేరడానికి సరిపడా శక్తి మాత్రమే మిగిలిందని డ్రోన్ గ్రహించి వెనక్కి వస్తానంటుంది. పైలట్ దాన్ని రద్దు చేయవచ్చు. రెండో అంచెలో ఎక్కడ ఉంటే అక్కడ దిగడం మొదలుపెడుతుంది. దాన్ని రద్దు చేయడానికి వీలుండదు, స్టిక్కుతో కాస్త పక్కకు జరపగలం అంతే. కింద చెరువు ఉందా, నీళ్లు పెట్టిన వరిమడి ఉందా, జొన్నచేను ఉందా అన్నది దానికి పట్టదు. 31 నిమిషాలన్న పెట్టె మీది అంకె గాలి లేనిచోట, ఒకే వేగంతో, నిండు నుంచి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కొలిచింది. 25, 30 శాతం ఉండగా నేల మీద దించాలనుకుంటే చేతికి వచ్చేది 18 నుంచి 22 నిమిషాలు. పొలాల మీద పని ప్లాన్ చేసుకునేవారు ఆ అంకెనే నమ్ముకోవాలి.

గాలి

నేల మీద ఆకు కదలకపోయినా పైన గాలి ఉండవచ్చు. చదునైన నేల మీద 10 మీటర్ల ఎత్తున సెకనుకు 5 మీటర్ల గాలి ఉంటే 120 మీటర్ల ఎత్తున అది 7 దాకా ఉంటుందని సాధారణ అంచనా. దీని ఫలితం తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. డ్రోన్ మామూలు వేగం సెకనుకు 10 మీటర్లనుకుందాం, గాలి 6 మీటర్లు. వెంటగాలిలో పోయేటప్పుడు నేల మీద వేగం 16. కిలోమీటరుకు పట్టేది నిమిషం పైన రెండు సెకన్లు. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలిలో మిగిలేది 4. అదే కిలోమీటరుకు 250 సెకన్లు. పోవడానికి 3 శాతం బ్యాటరీ తీసుకున్న దూరం రావడానికి 13 శాతం అడుగుతుంది. గాలి 9కి పెరిగితే వెయ్యి సెకన్లు కావాలి. అంటే 16 నిమిషాల పైమాట. మొదటిసారి డ్రోన్ పోగొట్టుకున్న వాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. తెర మీద సగం బ్యాటరీ కనిపిస్తుంది, కాబట్టి సగం దూరం వెళ్లవచ్చనుకుంటారు.

దీనికి పాత పడవవాళ్ల తెలివే మందు. ముందు ఎదురుగాలిలోకి పంపి, తిరిగొచ్చేటప్పుడు గాలి తోసుకొచ్చేలా చూసుకోవాలి. వంద మీటర్ల ఎత్తున ఒక అరనిమిషం నిలబెట్టి, డ్రోన్ ఎటువైపు ఎంత ఒరుగుతోందో గమనిస్తే గాలి బలం తెలుస్తుంది. తిరిగి రాలేక తంటాలు పడుతుంటే ఎత్తు తగ్గించడం ఒక దారి. కింద గాలి నెమ్మదిగా ఉంటుంది. డ్రోన్‌ను వేగంగా నడిపే స్పోర్ట్ మోడ్ ఇంకొక దారి, కరెంటు ఎక్కువ లాగినా దూరం త్వరగా తరుగుతుంది. అనంతపురం ప్రాంతంలో రామగిరి వైపు గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. నైరుతి రుతుపవనాల నెలల్లో రాయలసీమ మెట్టల మీద చిన్న డ్రోన్ ఎగరేయడం సాహసమే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నేల వేడెక్కి పైకి లేచే గాలులు, పొలాల్లో తిరిగే సుడిగాలులు ఇంకొక ప్రమాదం. గద్దలు రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతున్నాయంటే అక్కడ గాలి పైకి లేస్తోందని గుర్తు. తెల్లవారిన తరవాత మొదటి గంటా రెండు గంటలూ గాలి నిలకడగా, వెలుతురు ఏటవాలుగా ఉంటాయి. పొలంగట్ల నీడలు పడి చిత్రం కూడా అప్పుడే అందంగా వస్తుంది.

వేడి, చలి

చాలా కెమెరా డ్రోన్లను 0 నుంచి 40 డిగ్రీల మధ్య ఎగరేయమని తయారీదారులు చెబుతారు. ఉత్తర ఐరోపా, కెనడా పైలట్లకు చలి పెద్ద బెడద. తెలుగు నేల మీద అది లంబసింగి, పాడేరు, అరకు వైపు శీతకాలపు తెల్లవారుజాముల్లోనే ఎదురవుతుంది. వంజంగి కొండ మీద మేఘాల సముద్రం తీయడానికి చీకటితో ఎక్కేవాళ్ల బ్యాటరీలు రాత్రంతా చలిలో ఉండి ఉంటాయి. చల్లబడిన సెల్లులో అయాన్ల కదలిక మందగిస్తుంది, నిరోధం పెరుగుతుంది, శక్తి లోపలే ఉన్నా బయటికి రాదు. బ్యాటరీని చొక్కా లోపల జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచి, పైకి లేపాక ఒక నిమిషం తల ఎత్తున నిలబెడితే తన కరెంటుకు తానే వేడెక్కి దారిలో పడుతుంది. కొండల్లో మరో మెలకువ కావాలి. యాప్ చూపించే ఎత్తు బయల్దేరిన చోటు నుంచి లెక్క. లోయలో నుంచి లేపిన డ్రోన్ 100 మీటర్లని చూపిస్తూనే ఎదుటి కొండ చెట్లకు తగలవచ్చు.

మైదానాల్లో వేడే శత్రువు. రెంటచింతల, రామగుండం, నంద్యాల ఎండల్లో 44, 45 డిగ్రీలు మామూలు. వేడిగాలి పలచన. 15 డిగ్రీల గాలికంటే 40 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతం తక్కువ, అందువల్ల నిలబడే ఖర్చు సుమారు 4 శాతం ఎక్కువ. అది చిన్న నష్టమే. అసలు నష్టం సెల్లు లోపల జరుగుతుంది. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద నిండా ఛార్జి చేసిన బ్యాటరీని వదిలేయడం దాని ఆయుష్షును అన్నిటికంటే వేగంగా తినేసే పని. వేడికి లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, మెత్తని పొర ఉన్న సెల్లు అప్పడంలా ఉబ్బుతుంది. ఎగిరి దిగిన బ్యాటరీ వేడిగా ఉండగానే ఛార్జింగ్ పెట్టడమూ తప్పే. చెట్టు నీడన చల్లారనిచ్చి పెట్టాలి. మంచు పుట్టే చలిలో, అంటే 0 డిగ్రీలకన్నా కింద, ఛార్జి చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్లు శాశ్వతంగా పాడవుతుంది. మన దగ్గర ఆ ప్రమాదం దాదాపు లేదు.

పల్లెలో అడ్డంకులు

పొలాల మీద డ్రోన్‌కు మొదటి శత్రువు కరెంటు తీగ. 11 కేవీ లైన్లు, బోర్లకు లాగిన సర్వీసు తీగలు పైనుంచి చూసే కెమెరాకు పైరు రంగులో కలిసిపోతాయి. అడ్డంకులు గుర్తించే సెన్సర్లకు కూడా సన్నని తీగ తరచు అందదు. తీగను వెతకడం కంటే స్తంభాలను వెతికి, రెంటి మధ్య తీగ ఉన్నట్టే అనుకోవడం మంచి పద్ధతి. తాటిచెట్లు, గుడి గోపురం, ఇటుకబట్టీ పొగగొట్టం, సెల్ టవరు ఇవన్నీ చూసుకుని వాటిలో ఎత్తైనదానికి పైన ఇంటికి తిరిగొచ్చే ఎత్తును అమర్చుకోవాలి. నీళ్లు నిండిన మడి మీద, చెరువు మీద మరీ కిందుగా ఎగరేస్తే కదిలే నీటి మెరుపు కింది సెన్సర్లను తికమక పెడుతుంది. ఎర్రదుమ్ము, ఊక, ఎండుగడ్డి ఉన్నచోట నేరుగా దించకుండా పరదా పట్టో చాపో వేసి దాని మీద దించితే మోటార్లు, కెమెరా బాగుంటాయి.

ప్రాణులకు డ్రోన్ రాక చిన్న సంగతి కాదు. గూడు కట్టుకునే కాలంలో గద్దలు డ్రోన్ మీదికి దూకుతాయి. కొల్లేరు, నేలపట్టు, ఉప్పలపాడు లాంటి పక్షుల తావుల్లో గూళ్ల మీద డ్రోన్ తిప్పితే తల్లి పక్షి లేచిపోయి గుడ్లు ఎండకు వదిలేస్తుంది. ఎంత మంచి షాట్ అయినా దానికి అది వెల కాకూడదు. మేకల మందలు, కట్టేసిన గేదెలు మోత విని బెదురుతాయి. మేడమీద నిద్రపోయేవాళ్లు, చేలో పనిచేసే ఆడవాళ్లు తమ మీద కెమెరా తిరుగుతోందంటే ఇబ్బంది పడతారు. ఎగరేసే ముందు పొలం వాళ్లతో ఒక మాట చెప్పడం చట్టం అడిగినా అడగకపోయినా చేయవలసిన పని. చెప్పినప్పుడు వాళ్లే తీగలు ఎక్కడున్నాయో చూపిస్తారు.

భారతదేశంలో 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు బరువును బట్టి తరగతులు పెట్టాయి. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో, 25 కిలోల లోపు చిన్నవి, 150 కిలోల లోపు మధ్యరకం, ఆ పైన పెద్దవి. చాలా డ్రోన్లు 249 గ్రాములకు ఆగిపోవడం ఇలాంటి హద్దుల వల్లే. నానో డ్రోన్‌కూ, వ్యాపారానికి కాకుండా వాడే మైక్రో డ్రోన్‌కూ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా పంచి ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక డిజిటల్ స్కైలో పటం పెట్టారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కరలేదు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రం నిషేధించింది, విడిభాగాలకు మినహాయింపు ఇచ్చింది. విమానంలో తీసుకెళ్లేటప్పుడు విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

పల్లెల్లో డ్రోన్ పని సరదా స్థాయి దాటి చాలాకాలమైంది. గ్రామాల్లో ఇళ్ల స్థలాల కొలతకు 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైంది. 2021 సెప్టెంబరులో తెలంగాణలోని వికారాబాద్‌లో మందులు, టీకాలు డ్రోన్లతో చేరవేసే ప్రయోగం ప్రారంభించారు. పురుగుమందు చల్లే డ్రోన్లు 10 లీటర్ల తొట్టి మోస్తాయి కాబట్టి ఒక బ్యాటరీ పది, పదిహేను నిమిషాలకే అయిపోతుంది. చేలగట్టు మీద జనరేటరు పెట్టి బ్యాటరీలను వంతులవారీగా ఛార్జి చేస్తూ పని సాగిస్తారు. కెమెరా డ్రోన్‌కు చెప్పిన లెక్కలన్నీ వీటికీ వర్తిస్తాయి, బరువు మాత్రం ఎన్నో రెట్లు.

నిల్వ, పారవేత

లిథియం సెల్లు నిండా ఉన్నప్పుడూ ముసలిదవుతుంది, పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడూ చెడిపోతుంది. 3.8 వోల్టుల చుట్టుపక్కల, అంటే సుమారు 50, 60 శాతం దగ్గర దానికి హాయి. కొన్ని కంపెనీల బ్యాటరీలు నిండా ఛార్జి చేసి కొన్ని రోజులు వాడకపోతే తమంతట తామే ఆ స్థాయికి దిగుతాయి. అప్పుడు ముట్టుకుంటే కాస్త వెచ్చగా ఉంటాయి, కంగారు పడనక్కరలేదు. పెళ్లి రేపనగా రాత్రి ఛార్జి చేయడం, వారం ముందే చేసి పెట్టుకోవడం కంటే మేలు. వానాకాలమంతా మూలన పడేస్తే మధ్యలో రెండు నెలలకోసారి తీసి చూడాలి. పూర్తిగా అడుగంటిన బ్యాటరీ తరచు మళ్లీ లేవదు. ప్రతి బ్యాటరీకి అంకె వేసి, ఎన్నిసార్లు ఎగిరిందో, ఎంతసేపు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకునేవాళ్లకు ఏది అలసిపోతోందో ముందే తెలుస్తుంది.

ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఎగరేయకూడదు. పైకి చూస్తే కొద్దిగా ఉబ్బినట్టే ఉన్నా, లోపల పొరలు విడిపోతున్నాయి. అది డ్రోన్ ఒంట్లో గట్టిగా ఇరుక్కున్న, లేదా క్లిప్పు సరిగా పడక గాల్లో ఊడి పడిన సందర్భాలున్నాయి. దాన్ని సూదితో పొడవడం, నొక్కి సరిచేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. సెల్లు లోపల పొరలు తాకితే ఒకదాని వేడికి మరొకటి అంటుకుని మంట ఆగకుండా లేస్తుంది. మండే వస్తువులకు దూరంగా, ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి, బ్యాటరీలు సేకరించే కేంద్రానికి ఇవ్వాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. చెత్తబండిలో, పాత ఇనప సామాన్ల వాడి బస్తాలో పడేసిన బ్యాటరీ నలిగి మంట లేపితే, ఆ బండి తోసుకుపోయే మనిషి చేతులు కాలతాయి.